మారే తరాలకు తగ్గట్టు మరీనాను మలచుకోవడం: అడుగడుగునా మార్గదర్శి

మరీనాల, అంటే విహార పడవలు కట్టి ఉంచే రేవుల, ఆదాయం దశాబ్దాలుగా ఒకే లెక్క మీద నడిచింది. ఒక యజమాని, ఒక బోటు, దాన్ని కట్టేసుకునే ఒక చోటు (బెర్త్), ఏడాది అద్దె. బోటు వారానికోసారి కదిలినా, ఏడాదంతా కదలకపోయినా అద్దె మాత్రం వచ్చేది. ఐరోపాలో, ఉత్తర అమెరికాలో ఈ లెక్కను నిలబెట్టిన వాళ్లలో 1946–1964 మధ్య పుట్టిన తరానిది పెద్ద వాటా. వాళ్లలో పెద్దవాళ్లకు 2026లో 80 ఏళ్లు నిండుతున్నాయి. మోకాళ్లు సహకరించక కొందరు, బోటు ఖర్చు పిల్లల నెత్తిన పడకూడదని ఇంకొందరు మెల్లగా తప్పుకుంటున్నారు.

వాళ్ల వెనక వస్తున్నవాళ్లకు నీళ్ల మీద మోజు తగ్గిందనుకుంటే పొరపాటే. కరోనా ఏడాది 2020లో ఒక్క అమెరికాలోనే 3 లక్షలకు పైగా కొత్త పవర్ బోట్లు అమ్ముడయ్యాయి. కొన్నవాళ్లలో చాలామందికి అదే మొదటి బోటు. తగ్గింది బోటును సొంతానికి పెట్టుకుని ఏడాది పొడవునా దానికి సేవ చేసే ఓపిక, తీరిక. వారాంతంలో నాలుగు గంటలు దొరికితే, అందులో రెండు గంటలు బోటు కడగడానికీ కవర్ విప్పి కట్టడానికీ పోతే ఆ కుటుంబం మళ్లీ రావడానికి వెనకాడుతుంది.

మరీనా నడిపేవాళ్లు పట్టుకోవాల్సిన అసలు విషయం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను. ఇన్నాళ్లూ మీరు నీటి మీద చోటును మీటర్ల లెక్కన అమ్మారు. రాబోయే కస్టమర్ కొనేది నీటి మీద గడిపే సమయాన్ని. గేటు దాటిన మనిషి ఎంత త్వరగా, ఎంత తక్కువ టెన్షన్‌తో నీటి మీదకు చేరుతున్నాడు, తిరిగొచ్చాక ఎంత సులువుగా ఇంటికి వెళ్తున్నాడు అన్నదే కొలమానం. ఏ ఖర్చు పెట్టే ముందైనా ఈ ప్రశ్న వేసుకోండి.

1. ముందు ఒక సీజన్ పాటు లెక్క తీయండి

చాలా మరీనాలు ఈ అడుగును దాటేసి నేరుగా ఆర్కిటెక్ట్ దగ్గరికి వెళ్తాయి. దయచేసి అలా చేయకండి. మీ బెర్త్‌లు ఎన్ని నిండాయో మీకు తెలుసు. ఎన్ని బోట్లు నిజంగా బయటికి వెళ్తున్నాయో తెలుసా?

దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి సిబ్బందిలో ఒకరు పాంటూన్‌ల (బోట్లు కట్టేసే తేలియాడే నడకదారుల) మీద నడిచి, ఖాళీగా ఉన్న బెర్త్‌ల నంబర్లు కాగితం మీద రాసుకుంటే చాలు. ఒక సీజన్ గడిచేసరికి ప్రతి బోటూ ఎన్ని రోజులు కదిలిందో కళ్ల ముందు ఉంటుంది. దాని పక్కనే మరో మూడు వివరాలు చేర్చండి: ఒప్పందం ఎవరి పేరు మీద ఉంది, ఆ మనిషి వయసు సుమారుగా ఎంత, బోటు పొడవు–వెడల్పు–ఇంజిన్ రకం ఏమిటి. ఇప్పుడు ఆ పట్టికను వయసు ప్రకారం ఒకసారి, కదిలిన రోజుల ప్రకారం ఒకసారి పేర్చి చూడండి. రానున్న పదేళ్లలో ఏ పాంటూన్ ఖాళీ కాబోతోందో మీకే కనిపిస్తుంది.

కదలని బోట్ల యజమానులకు ఫోన్ చేసి మాట్లాడండి. అద్దె గురించి ఎత్తకుండా, "ఈ ఏడాది బయటికి వెళ్లడం ఎందుకు కుదరలేదు?" అని మాత్రమే అడగండి. ఆరోగ్యం, తోడు లేకపోవడం, ఇంజిన్ రిపేరు, గాలిలో బోటును బెర్త్‌లోకి తేవాలంటే భయం అని నాలుగు రకాల జవాబులు వస్తాయి. వాటిలో ఒక్క ఆరోగ్యం తప్పించి మిగతా మూడూ మీరు పరిష్కరించగలిగినవే.

వెయిటింగ్ లిస్టును కూడా ఇప్పుడే శుభ్రం చేయండి. పాత పేర్లతో నిండిన పెద్ద లిస్టు మేనేజర్‌కు తప్పుడు ధైర్యం ఇస్తుంది. లిస్టులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి సందేశం పంపి, "ఇంకా కావాలా, ఏ సైజు, ఎప్పటికి?" అని అడగండి. బెర్త్ ఇచ్చినప్పుడు అద్దెలో సర్దుబాటయ్యే చిన్న డిపాజిట్ కూడా తీసుకుంటే, నిజంగా కావాలనుకునేవాళ్లే మిగులుతారు.

వదిలేసి వెళ్లినవాళ్ల మాట ఇంకా విలువైనది. వెళ్లిపోయిన కొన్ని వారాలకు, మొహమాటం తగ్గాక, ఒకసారి పలకరించండి. బోటు అమ్మేశారా, వేరే మరీనాకు మారారా, రుసుము కట్టి ఉమ్మడి బోట్లు వాడుకునే బోటింగ్ క్లబ్బులో చేరారా అన్నది రాసిపెట్టుకోండి. ఈ మూడింటికీ మీరు చేయాల్సినవి వేర్వేరు.

2. పాతవాళ్లను సాగనంపే తొందర వద్దు

కొత్త తరం అనగానే కొన్ని మరీనాలు పాత కస్టమర్లను అడ్డంకిగా చూడటం మొదలుపెడతాయి. ఇది అన్యాయం, వ్యాపారపరంగా నష్టం కూడా. ఆ నీళ్లలో ఎక్కడ లోతు తక్కువో, ఏ గాలి ఎప్పుడు తిరుగుతుందో తెలిసినవాళ్లు వాళ్లే. ఆ జ్ఞానం ఏ యాప్‌లోనూ దొరకదు.

వాళ్లు ఇంకొన్నేళ్లు హాయిగా వచ్చేలా చేయడానికి మొదట నడక దారిని చూడండి. ఆటుపోట్లున్న చోట, పోటు తగ్గినప్పుడు ఒడ్డు నుంచి పాంటూన్‌కు దిగే వంతెన నిటారుగా మారుతుంది. అమెరికాలోని వైకల్య ప్రమాణాలు వీల్‌చైర్ వాడేవాళ్లకు కేటాయించిన బెర్త్ పక్కన కనీసం 60 అంగుళాల వెడల్పు నడక స్థలం ఉండాలంటాయి. దిగుడు వంతెన వాలు విషయంలో మాత్రం, పొడవు 80 అడుగులు ఉంటే కొంత సడలింపు ఇస్తాయి. మీ దేశపు నిబంధన వేరే ఉండొచ్చు, కానీ ఈ కొలతలు ఆలోచించడానికి మంచి ఆధారం. వీల్‌చైర్ కోసం వేసిన దారి మీదే పసిపిల్లల బండీ వెళ్తుంది. ఒకే ఖర్చుతో రెండు తరాలకు మేలు.

రెండోది, బోటు చేతులు మారే దారి. తల్లిదండ్రుల పేరు మీదున్న బెర్త్‌ను పిల్లలకు బదిలీ చేయాలంటే చాలా మరీనాల్లో ఒప్పందం రద్దు చేసి కొత్తగా క్యూలో నిలబడాలి. ఇలాంటి నిబంధన ఒక కుటుంబాన్ని ఒక్క సంతకంతో నీళ్లకు దూరం చేస్తుంది. కుటుంబంలో బదిలీకి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక బోటును ఉమ్మడిగా పెట్టుకోవడానికి స్పష్టమైన పద్ధతి రాయండి. ఉమ్మడి యజమానుల్లో అద్దెకు ఎవరు బాధ్యులు, బీమా ఎవరి పేరు మీద, ఒకరు తప్పుకుంటే ఏమవుతుంది అన్నవి ముందే తేల్చి ఉంచాలి.

మూడోది ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడనిది: బోటుకు కాలం చెల్లడం. ఫైబర్‌గ్లాస్ బోటు కుళ్లదు, తుప్పు పట్టదు, అలాగే పడి ఉంటుంది. యజమాని చనిపోయాక అద్దె ఆగిపోయి, బోటు మరీనా మెడకు చుట్టుకుంటుంది. ఫ్రాన్స్‌లో 2019 నుంచి ఆపెర్ అనే సంస్థ పాత విహార పడవలను విడదీసి వదిలించే ఏర్పాటు చూస్తోంది. మీ ప్రాంతంలో అలాంటి వ్యవస్థ లేకపోతే ఒప్పందంలోనే వారసుల వివరాలు, విడదీత ఖర్చు ఎవరిదన్న నిబంధన ఉండాలి. 70 దాటిన యజమానితో ఈ మాట గౌరవంగా, తీరిగ్గా కూర్చుని మాట్లాడండి. ఫారం చేతికిచ్చి పంపేయకండి.

3. ఏడాది అద్దె పక్కనే కొత్త దారులు తెరవండి

ఇక్కడే ఎక్కువ ఆలోచన కావాలి. సొంత బోటు లేకుండా నీళ్ల మీదకు వెళ్లే పద్ధతులు ఇప్పుడు పక్కదారులేమీ కావు. ఫ్రీడమ్ బోట్ క్లబ్ 1989లో ఫ్లోరిడాలోని సారసోటాలో మొదలైంది. బోట్లు, ఇంజిన్లు తయారుచేసే బ్రన్స్‌విక్ కార్పొరేషన్ 2019లో దాన్ని కొనేసింది. బోట్లు అమ్ముకునే కంపెనీ బోటు కొనక్కర్లేని పద్ధతిలో పెట్టుబడి పెట్టిందంటే గాలి ఎటు వీస్తోందో అర్థం చేసుకోవచ్చు. యజమానుల దగ్గర నుంచి బోట్లు అద్దెకు ఇప్పించే క్లిక్ అండ్ బోట్, బోట్‌సెట్టర్, గెట్‌మైబోట్ లాంటి వేదికలు కూడా ఊపందుకున్నాయి.

క్లబ్బు పెట్టాలనుకుంటే నాలుగైదు బోట్లతో, ఆఫీసుకు దగ్గరగా ఉన్న ఒకే పాంటూన్ మీద మొదలుపెట్టండి. అన్నీ ఒకే మోడల్ అయితే మంచిది. సభ్యుడు ఏ బోటు ఎక్కినా స్విచ్చులు అదే చోట ఉంటాయి, విడిభాగాలూ ఒకటే. ఎంతమంది సభ్యుల్ని చేర్చుకోవాలన్నది రద్దీ లేని మంగళవారం చూసి నిర్ణయించకండి. ఎండ బాగా ఉన్న శనివారం ఎంతమంది బోటు అడుగుతారో ఊహించి, దాని ప్రకారం పరిమితి పెట్టండి. ఒక్కో సభ్యుడు ఒకేసారి చేతిలో ఉంచుకోగల బుకింగ్‌ల సంఖ్యకు కూడా హద్దు ఉండాలి. లేకపోతే కొందరు వేసవి శనివారాలన్నీ పట్టేసుకుంటారు, మిగతావాళ్లు ఒక్క సీజన్‌లోనే విసిగి మానేస్తారు. క్లబ్బు పేరు చెడేది సాధారణంగా ఇక్కడే.

క్లబ్బు బోట్లను ఏడాది అద్దెదారుల పాంటూన్ మీద కలపకండి. రోజుకు రెండుసార్లు కొత్త చేతుల్లో తిరిగే బోటు పక్కన తన బోటు కట్టుకోవడానికి ఏ యజమానీ ఇష్టపడడు. వాళ్ల ఆందోళనలో న్యాయం ఉంది.

యజమానులు తమ బోట్లను వేదికల ద్వారా అద్దెకు ఇచ్చుకోవడాన్ని నిషేధించే మరీనాలున్నాయి. నిషేధిస్తే ఆ పని చాటుగా జరుగుతుంది, బీమా లేకుండా జరుగుతుంది. అనుమతించి షరతులు పెట్టడమే మేలు: అద్దె వాడకానికి వర్తించే బీమా పత్రం ఆఫీసులో ఉండాలి, బోటు అప్పగించేటప్పుడు అనుభవమున్న మనిషి దగ్గరుండి చూపించాలి, రాత్రి శబ్దాల మీద నియమం ఉండాలి, మరీనాకు కొంత రుసుము రావాలి.

ఇంకో దారి మీ కళ్ల ముందే ఉంది. ఏడాది అద్దెదారు పది రోజులు ప్రయాణం వెళ్తే ఆ బెర్త్ ఖాళీగా ఉంటుంది. అతను ముందే చెబితే ఆ రాత్రులు బయటి బోట్లకు ఇచ్చి, వచ్చిన డబ్బులో వాటా అతని ఖాతాలో జమ చేయండి. ఒక్క షరతు కచ్చితంగా పెట్టండి: తిరిగొచ్చే తేదీ మారితే కనీసం ఒక రోజు ముందు చెప్పాలి. ముందే చెప్పి ఇంటికొచ్చిన యజమానికి తన చోట మరొకరి బోటు కనిపిస్తే ఆ నమ్మకం మళ్లీ కట్టడం కష్టం. అందుకే ప్రతి పాంటూన్‌కూ ఒకటి రెండు బెర్త్‌లు అత్యవసరానికి వదిలిపెట్టండి.

పొరుగు మరీనాలతో పొత్తు కూడా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఆకర్షణ తెస్తుంది. ట్రాన్స్‌యూరప్ మరీనాస్ కూటమిలో ఒక మరీనా కస్టమర్‌కు మిగతా మరీనాల్లో కొన్ని రాత్రులు సగం ధరకే బెర్త్ దొరుకుతుంది. తిరగడం ఇష్టపడే తరానికి ఒకే చోట కట్టేసే ఒప్పందం కన్నా ఇది నచ్చుతుంది.

ధర విషయంలో ఒక మాట. పొడవు మీదే ధర వేస్తే వెడల్పైన కాటమరాన్‌కు (రెండు పడవలను పక్కపక్కన కలిపినట్టుండే బోటుకు) ఇచ్చే స్థలం మీ జేబులోంచే పోతుంది. పొడవును వెడల్పుతో హెచ్చవేసి విస్తీర్ణం మీద ధర వేసే పద్ధతి చాలా చోట్ల అమల్లో ఉంది. మార్చేటప్పుడు పాతవాళ్లకు రెండు మూడేళ్ల గడువు ఇచ్చి, కొత్త లెక్క ఎలా వస్తుందో పట్టిక వేసి చూపించండి.

4. ఫోన్‌లోనే పని పూర్తయ్యేలా చూడండి

హోటల్ గది రాత్రి పదకొండింటికి బుక్ చేసుకోగలిగే మనిషి, బెర్త్ కోసం సోమవారం ఆఫీసు తెరిచేదాకా ఆగడు. డాక్‌వా, నావిలీ లాంటి యాప్‌లలో పక్క మరీనా కనిపిస్తుంది, అక్కడికి వెళ్తాడు.

బుకింగ్ పెట్టడం అంటే వెబ్‌సైట్‌లో ఫారం పెట్టి, దానికి మర్నాడు మెయిల్‌లో జవాబివ్వడమనుకోకండి. బోటు పొడవు, వెడల్పు, నీటిలో మునిగే లోతు ఇస్తే సరిపోయే బెర్త్ వెంటనే చూపించాలి, డబ్బు కట్టించుకోవాలి, రద్దు నియమం అక్కడే చెప్పాలి. యాప్ మొదలుపెట్టిన రోజే ఆఫీసులోని పాత రిజిస్టర్ మూసేయండి. రెండూ నడిపితే ఏదో ఒక శనివారం ఒకే బెర్త్ ఇద్దరికి ఇచ్చేస్తారు.

వచ్చే రోజు పొద్దున పంపే సందేశం మీద శ్రద్ధ పెట్టండి. కొత్తగా వచ్చేవాళ్ల భయం సగం పోయేది అక్కడే. అందులో ఉండాల్సినవి: లోపలికి వచ్చే దారి ఫోటో, బెర్త్ నంబర్, ఫెండర్లు (బోటు రాసుకోకుండా పక్కన వేలాడదీసే మెత్తలు) ఏ వైపు కట్టుకోవాలి, తాళ్లు ఏ ఎత్తులో ఉండాలి, ఆ గంటకు నీటి లోతు ఎంత, మరీనాతో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియో ఛానల్ ఏది, గేటు కోడ్, కరెంటు ప్లగ్ రకం, వై-ఫై పాస్‌వర్డ్. ఎనిమిది తొమ్మిది వాక్యాలు సరిపోతాయి.

వై-ఫై గురించి: ఒడ్డు మీద ఒక పెద్ద యాంటెన్నా పెట్టి సరిపెట్టుకుంటే లోహపు తెరచాప స్తంభాలు, నీటి మీద ప్రతిఫలనాలు సిగ్నల్‌ను చెడగొడతాయి. ప్రతి పాంటూన్‌కూ ఫైబర్ లాగి, అక్కడే చిన్న యాక్సెస్ పాయింట్లు పెట్టడం మంచిది. బోటు మీద నుంచే ఉద్యోగం చేసుకునేవాళ్లు శుక్రవారం బదులు గురువారమే వస్తారు. తలుపు వేసుకుని వీడియో కాల్ మాట్లాడుకునే చిన్న గది ఒకటి ఉంటే ఇంకా సంతోషిస్తారు.

ఇంతా చేశాక రేడియో దగ్గర మనిషిని తీసేయకండి. వాతావరణం మారి, ఇంజిన్ ఆగి, పిల్లలు ఏడుస్తున్నప్పుడు బోటులో ఉన్నవాళ్లకు కావాల్సింది ఒక మనిషి గొంతు.

5. కొత్తవాళ్ల భయాన్ని పోగొట్టండి

ఈ మార్గదర్శిలో ఒకే ఒక్క అడుగు వేసే వీలుంటే ఇదే వేయమంటాను.

బోటును సముద్రంలోనో సరస్సులోనో నడపడం చాలామందికి కష్టం అనిపించదు. తిరిగొచ్చి, పక్క గాలి తోస్తుంటే, రెండు ఖరీదైన బోట్ల మధ్య ఇరుకు సందులోకి వెనక్కి తీసుకురావడమే కష్టం. అదీ అందరూ చూస్తుండగా. ఒకసారి గీత పడితే, ఇంట్లోవాళ్లు ఒకరి మీద ఒకరు అరుచుకుంటే, తర్వాతి వారం రావాలనిపించదు. మెల్లగా బోటు అమ్మకానికి వస్తుంది. మొదటి ఏడాదిలోనే ఆగిపోయిన ఇలాంటి వాళ్లే మరీనాకు అతి పెద్ద నష్టం. ఏ ఆదాయ పట్టికలోనూ వాళ్ల పేరు ఉండదు.

ముందుగా, ఆదివారం సాయంత్రం బోట్లు తిరిగొచ్చే గంటల్లో ఇద్దరు సిబ్బందిని పాంటూన్‌ల మీద ఉంచండి. వాళ్ల పని తాళ్లు అందుకోవడం, ప్రశాంతంగా సూచన ఇవ్వడం. సాయం అడగడం చిన్నతనంగా అనిపించకుండా ఉండాలంటే అనుభవం ఉన్నవాళ్లకు కూడా అదే సాయం అందించాలి.

తర్వాత, కొత్త ఒప్పందంతోపాటు రెండు మూడు పాఠాలు కలిపి ఇవ్వండి. విడిగా అమ్మితే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే కొనరు. పాఠం వాళ్ల సొంత బోటు మీద, వాళ్ల సొంత బెర్త్‌లోకి, వారం మధ్యలో రద్దీ లేనప్పుడు జరగాలి. బ్రిటన్‌లో రాయల్ యాటింగ్ అసోసియేషన్, అమెరికాలో యూఎస్ సెయిలింగ్ లాంటి సంస్థల కోర్సులు, సర్టిఫికెట్లు ఉన్నాయి. వాటికి దారి చూపించండి. కానీ తన బెర్త్‌లోకి ఎలా రావాలో నేర్పడం మరీనా చేయాల్సిన పనే. స్టీరింగ్ దగ్గర ఎప్పుడూ ఒక్కరే నిలబడే కుటుంబాల్లో రెండో మనిషికి విడిగా పాఠం పెట్టండి. ఇద్దరికీ నడపడం వస్తే ఆ బోటు బయటికి వెళ్లే రోజులు పెరుగుతాయి, ప్రమాద సమయంలో ప్రాణాలూ దక్కుతాయి.

మూడోది, రెండో అడుగులో చెప్పిన పెద్దవాళ్లు. 40 ఏళ్ల అనుభవం ఉండి, ఒంటరిగా బోటు తీయలేక ఆగిపోయినవాళ్లకు తోడు కావాలి. తోడుగా వెళ్లి నేర్చుకోవాలని తపించే కొత్తవాళ్లు అదే మరీనాలో ఉంటారు. ఆఫీసు గోడ మీద ఒక బోర్డు, నెలకో సాయంత్రం కలయిక, రెండు వైపులా ఇష్టపడితే జత కలపడం. దీనికి పెద్ద ఖర్చు లేదు. బాధ్యత, బీమా విషయాలు మాత్రం ఒక పేజీలో రాసి ఇద్దరి సంతకాలూ తీసుకోండి. రెండు తరాలనూ ఒకేసారి నిలబెట్టుకునే పని ఇంతకన్నా నాకు మరొకటి తెలియదు.

పిల్లల కోసం అన్ని సైజుల లైఫ్ జాకెట్లు ఆఫీసు బయట వేలాడదీయండి, ఉచితంగా వాడుకోనివ్వండి. పిల్లాడు పెరిగి పాత జాకెట్ బిగుతైందని ప్రయాణం మానుకునే కుటుంబం ఉండకూడదు.

6. బోట్లు మారాయి, పాంటూన్‌లు కూడా మారాలి

సన్నటి పాత తెరచాప పడవల కోసం వేసిన బెర్త్‌లలోకి ఇప్పటి వెడల్పు బోట్లు పట్టవు. పొడవు అంతే ఉన్నా వెనక భాగం దాకా వెడల్పుగా సాగే డిజైన్లు, కాటమరాన్‌లు, వెనక రెండు మూడు అవుట్‌బోర్డ్ ఇంజిన్లు తగిలించిన బోట్లు పెరిగాయి. మొదటి అడుగులో రాసుకున్న వెడల్పులు ఇప్పుడు పనికొస్తాయి. ఏ పాంటూన్ ఖాళీ అవుతుందో దాన్నే ముందు మార్చండి. విడదీసి మళ్లీ అమర్చుకోగల తేలియాడే పాంటూన్‌లనే ఎంచుకోండి. కాంక్రీటు పోసేస్తే పాతికేళ్ల తర్వాతి బోటు ఎలా ఉంటుందో ఇప్పుడే తేల్చినట్టవుతుంది.

అవుట్‌బోర్డ్ బోట్లు ఎక్కువగా ఉంటే డ్రై స్టాక్ గురించి ఆలోచించండి. బోట్లను ఒడ్డు మీద అరల్లో పేర్చి, కావాల్సినప్పుడు ఫోర్క్‌లిఫ్ట్‌తో దించడం దీని పద్ధతి. కస్టమర్ ఫోన్‌లో సమయం చెబుతాడు, వచ్చేసరికి బోటు నీళ్లలో సిద్ధంగా ఉంటుంది, తిరిగొచ్చాక సిబ్బందే కడిగి పైకి ఎక్కిస్తారు. అడుగు భాగానికి నాచు పట్టదు కాబట్టి రసాయన పూతల అవసరమూ తగ్గుతుంది. తీరిక లేని తరానికి ఇంతకన్నా నప్పే ఏర్పాటు తక్కువ. అయితే శనివారం పొద్దున అందరూ ఒకే గంటకు అడుగుతారు. ఒక్కో బోటు దించడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో కొలిచి, గంటకు అన్ని స్లాట్లే ఇవ్వండి. దించిన బోట్లు ఆగడానికి నీళ్లలో సరిపడా చోటు ఉండాలి. పెద్ద గాలిలో లిఫ్ట్ ఆపేయాల్సి వస్తుందని కూడా ముందే చెప్పండి. అగ్నిప్రమాద జాగ్రత్తల కోసం అమెరికాలో మరీనాలకు ప్రత్యేకంగా ఎన్‌ఎఫ్‌పీఏ 303 అనే ప్రమాణం ఉంది. డ్రై స్టాక్ డిజైన్ చేసేవాళ్లు దాన్ని చదవాలి.

తెడ్డుతో నడిపే కయాక్‌లు, ప్యాడిల్ బోర్డులు వాడేవాళ్లను చిన్న కస్టమర్లుగా చూడకండి. నీటి మట్టానికి దగ్గరగా ఉండే చిన్న వేదిక, పక్కనే తాళం వేసుకునే ర్యాకులు, మంచినీటి పైపు, పెద్ద బోట్ల దారికి అడ్డం రాని విడి మార్గం ఉంటే చాలు. ఇరవైల వయసులో ప్యాడిల్‌తో వచ్చిన మనిషికి నలభైలలో ఏ మరీనా గుర్తొస్తుందో ఆలోచించండి.

7. కరెంటు: ఇప్పుడే కేబుల్ లెక్క చూసుకోండి

2025 ఏప్రిల్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ నగర కేంద్రంలోని కాలువల్లో విహార పడవలు పొగ వదలకూడదన్న నిబంధన వచ్చింది. స్వీడన్‌కు చెందిన కాండెలా లాంటి కంపెనీలు అడుగున ఉండే రెక్కల సాయంతో నీటి మీదకు లేచి సాగే ఎలక్ట్రిక్ బోట్లు అమ్ముతున్నాయి. రేపే మీ మరీనా అంతా ఎలక్ట్రిక్ అయిపోదు. కానీ తవ్వకం ఒకసారే జరుగుతుంది కాబట్టి, లెక్క ముందే చూసుకోవాలి.

230 వోల్టుల దగ్గర మామూలు 16 ఆంపియర్ల ప్లగ్ ఇచ్చేది సుమారు 3.7 కిలోవాట్లు. 60 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండాలంటే 16 గంటలు పైనే. 32 ఆంపియర్లయితే దాదాపు ఎనిమిది గంటలు, అంటే ఒక రాత్రి. సొంత బెర్త్‌లో ఉండే బోటుకు ఇది చాలు. దారిలో ఆగి వెళ్లేవాళ్లకు మాత్రం ఫాస్ట్ చార్జర్ కావాలి. ఆక్వా సూపర్‌పవర్ లాంటి సంస్థలు మరీనాల్లో ఇలాంటివి ఏర్పాటు చేస్తున్నాయి. దాన్ని బోట్లు ఇంధనం నింపుకునే చోట పెడితే రాకపోకలు ఒకే చోట ఉంటాయి. కొత్త పాంటూన్ వేసినప్పుడల్లా, ఇప్పుడు వాడకపోయినా, పెద్ద కేబుల్ పట్టే ఖాళీ పైపు వేసి ఉంచండి. అందరూ ఒకేసారి చార్జ్ పెట్టినా ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకునేలా లోడును పంచే వ్యవస్థ కూడా అవసరం.

భద్రత విషయంలో రాజీ లేదు. బోటు వైరింగ్‌లో లోపం వల్ల నీళ్లలోకి లీకయ్యే కరెంటు ఈదే మనిషి కండరాలను బిగదీసి ముంచేస్తుంది, ముఖ్యంగా మంచినీటిలో. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ బోట్లకు కరెంటిచ్చే సాకెట్లకు 30 మిల్లీఆంపియర్ల లీకేజీ రక్షణ అడుగుతుంది. అది పెట్టించండి, ప్రతి ఏటా పరీక్షించండి, బెర్త్‌ల మధ్య ఈతను పూర్తిగా నిషేధించండి. పిల్లలతో వచ్చే కొత్త కుటుంబాలకు ఈ ప్రమాదం గురించి తెలియదు. మొదటి రోజే చెప్పాలి. లిథియం బ్యాటరీలున్న బోర్డులు, స్కూటర్లు చార్జ్ చేసుకోవడానికి బోట్లకు దూరంగా, మనుషుల కంటపడే చోటు కేటాయించండి.

8. పర్యావరణం: చేసింది చూపించండి

యువ కస్టమర్ అడిగేది నినాదం కాదు, ఆధారం. పర్యావరణ ప్రమాణాలు పాటించేవాళ్లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు బీచ్‌లతోపాటు మరీనాలకూ ఇస్తారు, ప్రమాణాలు కఠినంగా ఉంటాయి. దాని దరఖాస్తు పత్రాలను చెక్‌లిస్టుగా వాడుకున్నా సగం పని అర్థమవుతుంది. బోటు కడిగిన నీళ్లు వడకట్టకుండా తిరిగి కలవకూడదు. బోటు మరుగుదొడ్డి ట్యాంకులోని మురుగు లాగే పంపు పనిచేస్తూ, ఉచితంగా ఉండాలి. ఉచితం కాకపోతే రాత్రిపూట ఆ మురుగు నీళ్లలోకే పోతుందని అందరికీ తెలుసు. చెత్తను పీల్చే సీబిన్ లాంటి పరికరాలు పెడితే, వాటిలో ఏం దొరికిందో నెలనెలా బోర్డు మీద రాయండి.

9. ఒడ్డు మీద

రెస్టారెంట్, ఈత కొలను, దుకాణాల వరస. కన్సల్టెంట్లు ముందుగా గీసేవి ఇవే. వీటిని చివరికి ఉంచమని నా సలహా. బోటుతో సంబంధం లేని జనం వచ్చి పార్కింగ్ నింపేస్తే, ఏడాది అద్దె కట్టినవాళ్లు పిల్లల్నీ సామాన్లనీ మోసుకుంటూ దూరం నుంచి నడవాలి. ముందు మరుగుదొడ్లు, స్నానాల గదులు శుభ్రంగా, కుటుంబానికి సరిపడా విశాలంగా ఉండాలి. పసిపిల్లల బట్టలు మార్చే బల్ల, నీడ, సామాను తోసుకెళ్లే బండ్లు, పాంటూన్ మొదట్లోనే సామాను దించే చోటు. వీటికయ్యే ఖర్చు కొలనుతో పోలిస్తే చాలా తక్కువ, వాడకం మాత్రం రోజూ ఉంటుంది.

10. వరసలో పెట్టి, గడువు పెట్టి నడిపించండి

మొదటి సీజన్‌లో లెక్కలు, ఫోన్ బుకింగ్, ఆదివారం సాయంత్రపు సాయం. వీటికి నిర్మాణం అక్కర్లేదు. రెండో ఏడాది చిన్న క్లబ్బు, ఖాళీ రాత్రుల పంపకం, కుటుంబ బదిలీ నియమాలు. మూడో ఏడాది నుంచే పాంటూన్‌లు, కేబుళ్లు, డ్రై స్టాక్. అప్పటికి మీ చేతిలో మీ సొంత అంకెలు ఉంటాయి, బ్యాంకు కూడా వాటినే అడుగుతుంది.

సిబ్బంది జీతాల పద్దును ఈ ప్రణాళికలో మొదటి వరసలో రాయండి. పాంటూన్ మీద తాడు అందుకునే కుర్రాడు ఏటా మారిపోతుంటే, కస్టమర్‌ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగలరు. సీజన్ ముగిశాక కూడా కొందరికి బోట్ల మరమ్మతు, శిక్షణ పనులు ఇచ్చి నిలబెట్టుకోండి.

ప్రతి మూడు నెలలకూ నాలుగు అంకెలు చూడండి: ఒక్కో బెర్త్‌కు బోటు బయటికి వెళ్లిన రోజులు, మొదటి ఏడాది కస్టమర్లలో ఒప్పందం పొడిగించుకున్నవాళ్ల శాతం, గేటు నుంచి నీటి మీదకు చేరడానికి పట్టిన సమయం, కొత్తగా చేరినవాళ్లలో 45 ఏళ్లలోపు వాళ్లు ఎంతమంది. నిండిన బెర్త్‌ల శాతాన్ని ఐదో అంకెగా పక్కన ఉంచండి.

ప్రతి ప్రయోగానికీ మొదలుపెట్టే రోజే ఆపేసే షరతు రాసి పెట్టండి. ఉదాహరణకు, క్లబ్బు రెండో సీజన్ చివరికి సభ్యుల్లో సగం మందైనా పొడిగించుకోకపోతే బోట్లు అమ్మేసి, ఆ పాంటూన్‌ను వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు ఇచ్చేస్తామని. ఈ షరతును ఏడాది అద్దెదారుల సమావేశంలో అందరి ముందూ చదివి వినిపించండి. ప్రయోగం పేరుతో తమ చోటు శాశ్వతంగా పోదని తెలిస్తే, అదే పాంటూన్ మీద కొత్తవాళ్లకు తాడు కట్టడం నేర్పడానికి ముందుకొచ్చేదీ వాళ్లే.